లోలకంతో ఇసుక చిత్రం: కళ, సైన్సు, ఇంజనీరింగ్ ఒక్కటయ్యే బడి ప్రాజెక్టు ఎలా చేయాలి

బడిలో ప్రాజెక్టు ఇచ్చిన ప్రతిసారీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, కొన్నిసార్లు ఉపాధ్యాయులు కూడా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "కళ, సైన్సు, ఇంజనీరింగ్ మూడూ కలిసి ఉండాలన్నారు, ఎలా కలపాలి?" ఎక్కువమంది మామూలు సైన్సు నమూనా ఒకటి తయారుచేసి, దానికి రంగులు వేసి, అట్ట మీద అందమైన అక్షరాలతో పేరు రాసి, కళ కూడా చేరిపోయిందని అనుకుంటారు. అది పైపూత మాత్రమే. నిజంగా కలిశాయో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మూడింటిలో ఏదో ఒకదాన్ని మనసులోనే తీసేసి చూడండి. మిగిలిన రెండూ ఏ మార్పూ లేకుండా నిలబడగలిగితే ఆ ప్రాజెక్టులో అవి పక్కపక్కన కూర్చున్నాయే తప్ప కలవలేదు. చిత్రం ఎలా ఉండాలన్న నిర్ణయం యంత్రాన్ని మార్చాలి, యంత్రం మీద తీసిన కొలత చిత్రాన్ని మార్చాలి.

ఈ పరీక్షకు నిలిచే ప్రాజెక్టును ఒకదాన్ని మొదటి నుంచి చివరి వరకు ఇక్కడ వివరిస్తున్నాను. ఇసుక నింపిన సీసాను లోలకంలా వేలాడదీసి ఊపితే, అడుగున ఉన్న రంధ్రం నుంచి జారే ఇసుక నల్లని కాగితం మీద వంపుల గీతలను గీస్తుంది. దారం కట్టిన తీరును బట్టి ఆ గీత విల్లులా, 8 అంకెలా, అల్లికలా మారుతుంది. ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎవరైనా చేయవచ్చు. ఇద్దరు లేదా ముగ్గురు కలిసి చేస్తే మేలు, ఎందుకంటే సీసాను వదిలే మనిషి, సమయం చూసే మనిషి వేరువేరుగా ఉండాలి. కనీసం పది రోజుల వ్యవధి పెట్టుకోండి. సామాన్లు సిద్ధంగా ఉంటే కట్టడం ఒక పూటలో అయిపోతుంది, మిగిలిన రోజులన్నీ సరిచేసుకోవడానికే పడతాయి.

తెలిసి ఉండవలసిన కొద్దిపాటి సిద్ధాంతం

లోలకం ఒకసారి వెళ్ళి తిరిగి రావడానికి పట్టే కాలం దాని పొడవు మీద ఆధారపడుతుంది, గుండు బరువు మీద కాదు. పొడవును మీటర్లలో తీసుకొని దాని వర్గమూలాన్ని 2తో గుణిస్తే ఆ కాలం సెకన్లలో వస్తుంది. మీటరు పొడవున్న లోలకానికి సుమారు 2 సెకన్లు, 25 సెం.మీ. లోలకానికి సుమారు 1 సెకను పడతాయి. అంటే కాలం సగం కావాలంటే పొడవును నాలుగో వంతుకు తగ్గించాలి.

మనం కట్టబోయేది ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో ఉండే లోలకం. అడ్డకర్ర నుంచి రెండు దారాలు వాలుగా దిగి ఒకచోట కలుస్తాయి, అక్కడి నుంచి ఒకటిగా కిందికి సాగి సీసాను మోస్తాయి. సీసా అడ్డకర్రకు లంబంగా ఊగినప్పుడు మొత్తం ఎత్తు ఊగుతుంది. దీన్ని పొడుగు ఊపు అందాం. అడ్డకర్రకు సమాంతరంగా ఊగినప్పుడు రెండు దారాలు కలిసిన చోటు కదలదు, దాని కింది భాగం మాత్రమే ఊగుతుంది. ఇది పొట్టి ఊపు. ఒకే సీసాకు రెండు దిక్కుల్లో రెండు వేర్వేరు కాలాలు ఉండడం వల్లనే చిత్రం పుడుతుంది. ఈ వంపులను 1815లో నథానియెల్ బౌడిచ్ పరిశీలించాడు, 1844లో హ్యూ బ్లాక్‌బర్న్ ఈ రకమైన లోలకాన్ని రూపొందించాడు, 1857లో జూల్ లిసాజూ వాటిని మరింత వివరంగా అధ్యయనం చేయడంతో ఆయన పేరే వాటికి నిలిచిపోయింది. ప్రాజెక్టుకు ఇంతవరకు తెలిస్తే చాలు.

కావలసినవి

- సుమారు 150 సెం.మీ. పొడవున్న గట్టి కర్రలు ఆరు, అడ్డకర్ర కోసం 120 సెం.మీ. కర్ర ఒకటి
- సాగని, అల్లిక ఉన్న నూలు దారం నాలుగైదు మీటర్లు. కర్రలు బిగించడానికి పురికొస
- అర లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి, దానికి సరిపోయే మూతలు మూడు
- గట్టిగా పట్టే బైండర్ క్లిప్పు ఒకటి
- ఒకే పరిమాణంలో ఉన్న నట్లు లేదా వాషర్లు, మొత్తం 200 గ్రాముల వరకు
- బాగా ఎండిన సన్నని ఇసుక ఒక కిలో, సన్నని జల్లెడ
- నల్లని మందపాటి కాగితాలు, ప్రయోగాల కోసం పాత కాగితాలు
- తెల్ల జిగురు, వెడల్పు కుంచె, కాగితాన్ని అంటించడానికి పలక
- కొలత టేపు, స్టాప్‌వాచ్, నోటు పుస్తకం

దారం ఎంపికలో అశ్రద్ధ చేయకండి. చేపల గాలానికి వాడే నైలాన్ తీగ గట్టిదే కాని బరువుకు సాగుతుంది, మీరు ఉదయం తీసిన కొలత సాయంత్రానికి మారిపోతుంది. ఇసుక దొరకకపోతే సన్నని ఉప్పుతో ప్రయోగాలు చేయవచ్చు, అయితే గాలిలో తేమ ఉన్న రోజున అది గడ్డకడుతుంది, పైగా తడి జిగురులో కరిగిపోతుంది కనుక తుది చిత్రానికి పనికిరాదు.

చేసే విధానం

1. ముందు చిత్రాన్ని ఊహించి పెన్సిలుతో గీయండి.

కర్రలు తెచ్చుకోక ముందే ఈ పని జరగాలి. గీతలు దట్టంగా ఉండాలా, పలచగా ఉండాలా? ఆకారం కాగితం మధ్యలో ఉండాలా, ఒక పక్కకు ఒరగాలా? ఒకే రంగా, రెండు రంగుల ఇసుకతో ఒకదాని మీద ఒకటి రెండు ఆకారాలా? ఈ ప్రశ్నలకు మీ జవాబులను బొమ్మగానూ వాక్యాలుగానూ నోటు పుస్తకంలో రాయండి. తర్వాత వచ్చే ప్రతి మార్పునూ ఈ పేజీతో పోల్చి చూడాలి. ఈ అడుగును వదిలేసిన జట్లు చివరికి ఏ ఆకారం వస్తే దాన్నే మేము కోరుకున్నామని చెప్పుకోవలసి వస్తుంది. అప్పుడు సైన్సు మిగులుతుంది, కళ మిగలదు.

ఊహించేటప్పుడు ఒక పరిమితిని గుర్తుంచుకోండి. పొట్టి ఊపు 25 సెం.మీ. అయితే ఆ దిక్కులో మధ్య నుంచి 8 సెం.మీ. దాటి లాగకూడదు. అంతకన్నా పెద్ద కోణంలో ఊగితే కాలం పెరిగి లెక్క తప్పుతుంది. పొడుగు ఊపు దిక్కులో 20 సెం.మీ. వరకు హాయిగా లాగవచ్చు. కనుక మీ చిత్రం చతురస్రంగా కాక నిలువు దీర్ఘచతురస్రంగా ఉంటుంది.

2. చట్రాన్ని నిలబెట్టండి.

మూడేసి కర్రలను పైభాగంలో పురికొసతో బిగించి రెండు ముక్కాళ్ళు చేయండి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళది ఊగదు, నాలుగు కాళ్ళది ఊగుతుంది. ముక్కాళ్ళ మీద అడ్డకర్రను పడుకోబెట్టి రెండు చివరలా గట్టిగా కట్టండి. కాగితం పడే చోటి నుంచి అడ్డకర్ర ఎత్తు సుమారు 115 సెం.మీ. ఉండేలా చూడండి. కాస్త ఎక్కువైనా పరవాలేదు, కాగితం కింద అట్టలు పేర్చి సరిచేసుకోవచ్చు.

కర్రలు దొరకకపోతే తలుపు చట్రానికి అడ్డంగా కర్ర బిగించవచ్చు, కాని ఆ దారిన ఎవరూ రాకుండా కాపలా ఉండాలి. రెండు కుర్చీల మీద బల్లలు పేర్చి కర్ర పెట్టే పని మాత్రం చేయకండి, పడితే దెబ్బలు తగులుతాయి.

చట్రం గట్టిదనాన్ని పరీక్షించడానికి నట్లు నింపిన సంచిని వేలాడదీసి ఊపండి. ఒకరు వేరే స్టూలుకు ఆనించిన పెన్సిలు మొనను అడ్డకర్ర చివరకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకొని చూడాలి. ఆ సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే చట్రం కదులుతున్నట్టే. కదిలే చట్రం ఊపులోని శక్తిని మింగేస్తుంది, లోలకం త్వరగా ఆగిపోతుంది, గీతలు అలుక్కుపోయినట్టు వస్తాయి. కట్లు మళ్ళీ బిగించి, అవసరమైతే ముక్కాలికి ఏటవాలుగా మరో కర్ర కట్టండి.

3. దారాలు కట్టి నిష్పత్తిని అమర్చండి.

అడ్డకర్ర మీద 80 సెం.మీ. ఎడంగా రెండు గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో దారం కట్టండి. రెండు దారాలనూ కలిపి బైండర్ క్లిప్పులో పట్టించి కిందికి వదలండి. క్లిప్పును పైకీ కిందికీ జరిపితే పొట్టి ఊపు పొడవు మారుతుంది, ముడి విప్పే పని ఉండదు. ఇక్కడ నిష్పత్తి అంటే పొడుగు ఊపు కాలానికీ పొట్టి ఊపు కాలానికీ మధ్య ఉన్నది, పొడవుల మధ్య ఉన్నది కాదు. మొదటిసారి ఈ మూడు అమరికల్లో ఒకటి ఎంచుకోండి:

- 2:1 కోసం మొత్తం ఎత్తు 100 సెం.మీ., క్లిప్పు కింద 25 సెం.మీ.
- 3:2 కోసం మొత్తం ఎత్తు 90 సెం.మీ., క్లిప్పు కింద 40 సెం.మీ.
- 4:3 కోసం మొత్తం ఎత్తు 96 సెం.మీ., క్లిప్పు కింద 54 సెం.మీ.

మొదటి ప్రయత్నానికి 2:1 మంచిది, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో చిత్రం చూడగానే తెలుస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, మొత్తం ఎత్తు అంటే అడ్డకర్ర నుంచి నిట్టనిలువుగా కొలిచిన ఎత్తు, వాలుగా ఉన్న దారం పొడవు కాదు. నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా తరచుగా జరిగేది ఇదే. వాలు దారాన్నే 75 సెం.మీ. కొలిచి కడితే దాని నిలువు ఎత్తు సుమారు 63 సెం.మీ. మాత్రమే ఉంటుంది. అప్పుడు నిష్పత్తి 2 కాక 1.88 అవుతుంది, చిత్రం ఒకచోట నిలవకుండా ప్రతి ఊపుకూ పక్కకు తిరిగిపోతుంది. అడ్డకర్ర మధ్య నుంచి ఒక దారానికి నట్టు కట్టి వేలాడదీసి, దాని వెంట టేపు పట్టి కొలవండి.

రెండవది, పై గుర్తుల మధ్య ఎడం తగ్గించకండి. 80 సెం.మీ. ఎడం, 75 సెం.మీ. ఎత్తు ఉంటే ఒక్కో దారం నిలువుతో సుమారు 28 డిగ్రీల కోణం చేస్తుంది. సీసా ఊగే కోణం దీనికన్నా తక్కువగా ఉన్నంతవరకు రెండు దారాలూ బిగువుగా ఉంటాయి. ఎడాన్ని 40 సెం.మీ.కు తగ్గిస్తే ఈ కోణం 15 డిగ్రీలకు పడిపోతుంది; సీసా ఒక పక్కకు వెళ్ళినప్పుడు రెండో పక్క దారం వదులై, తిరిగి బిగుసుకునేటప్పుడు చిన్న కుదుపు వస్తుంది. ఆ కుదుపు కాగితం మీద మెలికలా కనిపిస్తుంది.

4. సీసాను తయారుచేయండి.

సీసా అడుగును కత్తిరించి తలకిందులుగా పట్టుకుంటే అదే గరాటు అవుతుంది. కత్తిరించిన అంచు చేతికి కోసుకోకుండా దాని చుట్టూ టేపు అంటించండి. అంచు దగ్గర సమాన దూరంలో మూడు రంధ్రాలు చేసి మూడు దారాలు కట్టి, వాటిని పై దారానికి కలపండి. మూడు మూతలకు సరిగ్గా మధ్యలో 2, 3, 4 మి.మీ. రంధ్రాలు చేయండి. వేడి చేసిన మేకుతో రంధ్రం పెట్టే పని పెద్దవాళ్ళే చేయాలి, గాలి ఆడే చోట చేయాలి. రంధ్రం అంచున ప్లాస్టిక్ పిసురు మిగిలితే గరుకు కాగితంతో రుద్ది తీసేయండి, లేకపోతే ఇసుక ధార ఒక పక్కకు వంగుతుంది.

ఇసుకను రెండుసార్లు జల్లించండి. రంధ్రం వ్యాసం ఇసుక రేణువుకు కనీసం ఆరు రెట్లు ఉంటేనే ధార ఆగకుండా పడుతుంది. రంధ్రాన్ని రెట్టింపు చేస్తే జారే ఇసుక ఐదారు రెట్లు పెరుగుతుందని గుర్తుంచుకోండి. అందుకే 2 మి.మీ. మూతకూ 4 మి.మీ. మూతకూ గీతలో అంత తేడా వస్తుంది.

నట్లను సీసా మెడ చుట్టూ సమంగా కట్టండి. ఇవి రెండు పనులు చేస్తాయి. బరువు పెరిగేకొద్దీ గాలి నిరోధం ప్రభావం తగ్గి ఊపు ఎక్కువసేపు సాగుతుంది. అలాగే ఇసుక కారిపోతున్నప్పుడు మొత్తం బరువులో మార్పు స్వల్పంగా ఉండి, గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్టు ఉండే బిందువు, పెద్దగా జరగదు. గరిమనాభి ఎక్కడుందో తెలియాలంటే సగం ఇసుకతో ఉన్న సీసాను రెండు వైపులా మూసి, కుదిపి ఇసుకను మూత వైపు సర్ది, పెన్సిలు మీద అడ్డంగా పెట్టి నిలబెట్టండి. నిలబడిన చోట గీత గీయండి. మూడో అడుగులోని పొడవులన్నిటినీ ఈ గీత వరకే కొలవాలి, సీసా పైఅంచు వరకూ కాదు, మూత వరకూ కాదు.

5. ఇసుక వదలకుండా ముందు కాలాన్ని కొలవండి.

మూతను టేపుతో మూసి, సీసాను పొడుగు ఊపు దిక్కులో మాత్రమే కొద్దిగా లాగి వదలండి. 20 ఊపులకు పట్టిన సమయం చూడండి. వెళ్ళి తిరిగి వస్తేనే ఒక ఊపు. వెళ్ళడాన్ని ఒకటి, రావడాన్ని ఒకటి లెక్కపెట్టి కాలం సగమే వచ్చిందని కంగారుపడే జట్లు ప్రతి ఏడాదీ ఉంటాయి. లెక్కను "సున్నా" తో మొదలుపెట్టండి. పొట్టి ఊపుకూ ఇదే చేయండి. 2:1 అమరికలో మొదటిది సుమారు 40 సెకన్లు, రెండోది సుమారు 20 సెకన్లు రావాలి. 3:2లో 38, 25.4 సెకన్లు, 4:3లో 39.3, 29.5 సెకన్లు రావాలి. ఒక్కోటి మూడుసార్లు కొలిచి సగటు తీయండి. అర సెకను తేడా ఉంటే ముందుకు వెళ్ళండి, అంతకు మించితే క్లిప్పును జరపండి.

6. పాత కాగితం మీద మొదటి చిత్రం గీయండి.

మూత రంధ్రానికీ కాగితానికీ మధ్య 2 సెం.మీ. ఖాళీ ఉండాలి. ఎత్తు ఎక్కువైతే రేణువులు పడి ఎగిరి గీత పలచబడుతుంది. సీసాలో ఇసుక పోసి, రంధ్రాన్ని వేలితో మూసి, పక్కకు లాగి, వేలు తీసి వదిలేయండి. వదిలేటప్పుడు తోయకూడదు, పట్టుకున్న వేళ్ళు ఒక్కసారిగా విడిపోవాలి. ఫ్యాను ఆపండి. నేల మీద పడిన ఇసుక జారుతుంది కనుక చుట్టూ పాత గుడ్డ పరచండి. ధార దగ్గరకు వంగి చూడకండి, కంట్లో పడుతుంది.

ఎటు లాగి వదులుతారన్న దాన్నే చిత్రమంతా అనుసరిస్తుంది. అడ్డకర్రకు సరిగ్గా లంబంగానో సమాంతరంగానో లాగి వదిలితే తిన్నని గీత ఒకటి వస్తుంది, అంతే. ఐమూలగా లాగి నెమ్మదిగా వదిలితే, 2:1 అమరిక సరిగ్గా కుదిరి ఉంటే, 8 అంకె రాదు. విల్లులాంటి వంపు వచ్చి, సీసా ఆ వంపు మీదనే ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. ఈ విల్లును చూసి యంత్రం పాడైందని నిరాశపడిన పిల్లలను చాలామందిని చూశాను. నిజానికి వాళ్ళ కొలత ఎంత బాగా కుదిరిందో చెప్పే సాక్ష్యం అదే. రెండు ఊపులూ ఒకేసారి చివరి అంచుల నుంచి బయలుదేరినందువల్ల విల్లు వస్తుంది.

8 అంకె కావాలంటే సీసాను అడ్డకర్రకు లంబంగా మాత్రమే లాగి, వదిలే క్షణంలో అడ్డకర్ర వెంట పక్కకు ఒక చిన్న తోపు ఇవ్వాలి. చేయి కుదరడానికి పదిసార్లయినా సాధన చేయాలి. తోపు ఇవ్వడం కష్టమనిపిస్తే మరో దారి ఉంది. క్లిప్పును ఒక్క సెంటీమీటరు పైకి జరిపి పొట్టి ఊపును 26 సెం.మీ. చేయండి. ఇప్పుడు నిష్పత్తి 1.96 అవుతుంది, ఒక పూర్తి ఊపును 360 డిగ్రీలుగా లెక్కిస్తే, ప్రతి పొడుగు ఊపుకూ రెండు కదలికల మధ్య 14 డిగ్రీల ఎడం పేరుకుంటుంది. ఐమూలగా వదిలిన సీసా మొదట విల్లు గీసి, అది క్రమంగా విచ్చుకుంటూ ఆరేడు ఊపుల్లో, అంటే సుమారు 13 సెకన్లలో 8 అంకెగా మారి, మరో ఆరేడు ఊపులకు తిరగబడిన విల్లవుతుంది. ఈ క్రమమంతా ఒకే కాగితం మీద గీతల తెరలా నిలుస్తుంది. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా అందమైన చిత్రం ఇదే, కచ్చితమైన 2:1 కన్నా ఒక సెంటీమీటరు తేడా ఉన్న అమరికే కంటికి ఎక్కువ నచ్చుతుంది.

7. చిత్రాన్ని దగ్గరగా చూసి యంత్రాన్ని మార్చండి.

గీత మొదలు నుంచి చివరి వరకు ఒకే మందంలో లేదని గమనిస్తారు. వంపు తిరిగే చివరల్లో ఇసుక గట్టులా పోగవుతుంది, మధ్యలో నల్ల కాగితం తొంగిచూసేంత పలచగా ఉంటుంది. ధార ఎప్పుడూ ఒకేలా పడుతుంది. సీసా చివరల్లో నెమ్మదించి మధ్యలో వేగంగా పోతుంది కాబట్టి ఈ తేడా వస్తుంది. స్కేలుతో గీత వెడల్పును చివరలోనూ మధ్యలోనూ కొలిచి రాసుకోండి. వేగాన్ని కాగితం మీద కళ్ళతో చూసే అవకాశం ఇది.

ఇప్పుడు మొదటి పేజీలోని మీ బొమ్మను పక్కన పెట్టండి. గీతలు మరీ దగ్గరగా పడి చిత్రం మూసుకుపోయినట్టుంటే ఊపు త్వరగా తగ్గేలా సీసాకు రెండు వైపులా అట్ట రెక్కలు అంటించండి. గాలి నిరోధం పెరిగి గీతల మధ్య ఎడం పెరుగుతుంది. దట్టమైన అల్లిక కావాలంటే రెక్కలు తీసేసి నట్లు పెంచండి, సన్నని రంధ్రం ఉన్న మూత పెట్టండి. మధ్యలో ఇసుక కుప్ప పడకూడదంటే ఊపు పూర్తిగా ఆగేదాకా చూడకుండా సరైన క్షణంలో రంధ్రాన్ని వేలితో మూయండి. ఎక్కడ ఆపాలన్నది పూర్తిగా మీ కంటి నిర్ణయం, ఏ సూత్రమూ దాన్ని చెప్పదు. ఒక్కో ప్రయత్నంలో ఒక్క అంశాన్నే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

8. తుది చిత్రాన్ని నిలుపుకోండి.

నల్ల కాగితం నాలుగు అంచులనూ పలకకు టేపుతో అంటించండి, లేకపోతే జిగురు తడికి కాగితం ముడుచుకుంటుంది. రెండు వంతుల జిగురులో ఒక వంతు నీళ్ళు కలిపి వెడల్పు కుంచెతో పలచగా, సమంగా పూయండి. జిగురు ఆరిపోకముందే లోలకాన్ని వదలాలి కనుక సీసాలో ఇసుక నింపి అంతా సిద్ధం చేసుకున్న తర్వాతే పూత మొదలుపెట్టండి. చిత్రం పూర్తయ్యాక పలకను కదపకుండా మర్నాటి వరకు ఆరనిచ్చి, అప్పుడు నిలబెట్టి అదనపు ఇసుకను మెల్లగా దులపండి. రెండో రంగు వేయాలంటే మొదటిది పూర్తిగా ఆరిన తర్వాత మళ్ళీ జిగురు పూసి వేయాలి. ఇసుకకు రంగు కలిపితే బాగా ఎండబెట్టి మళ్ళీ జల్లించండి, తడి ఇసుక రంధ్రంలో ఇరుక్కుంటుంది.

జిగురు కుదరకపోతే నిట్టనిలువుగా పై నుంచి ఫొటో తీసి ఇసుకను తిరిగి వాడుకోండి. దీపాన్ని ఒక పక్క నుంచి కిందగా పెడితే ఇసుక గట్ల నీడలు స్పష్టంగా పడతాయి.

ఇసుకకు బదులు పలచని రంగునీళ్ళు వాడవచ్చా అని కొందరు అడుగుతారు. వాడవచ్చు, కాని సీసాలో మట్టం తగ్గేకొద్దీ నీటి ధార నెమ్మదిస్తుంది, గీత సన్నబడుతూ పోతుంది. ఇసుక ధార మట్టంతో దాదాపు సంబంధం లేకుండా ఒకే తీరున పడుతుంది. రెంటినీ గీసి పక్కపక్కన ప్రదర్శిస్తే అదే మంచి పరిశోధన అవుతుంది.

తరచుగా వచ్చే ఇబ్బందులు

ధార మధ్యలో ఆగిపోతే ఇసుక తడిసిందో, రేణువులు పెద్దవో చూడండి. సీసాను తట్టి కదిలించవద్దు, ఊపు చెడుతుంది. చిత్రం ఒక పక్కకు లాగినట్టు ఉంటే ఒక దారం రెండోదానికన్నా పొట్టిగా ఉండవచ్చు, లేదా నట్లు ఒక వైపు ఎక్కువై సీసా ఒరిగి ఉండవచ్చు. మొదటి పది ఊపులు బాగా వచ్చి తర్వాత ఆకారం ఒక్కసారిగా మారితే క్లిప్పు జారింది; దారం మీద క్లిప్పు అంచున పెన్నుతో గుర్తు పెట్టుకుంటే వెంటనే తెలుస్తుంది. ఆకారం ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా తిరుగుతుంటే అది నిష్పత్తిలోని చిన్న తేడా. గీత పొడవునా సన్నని వణుకు కనిపిస్తే సీసా తన దారాల మీద విడిగా ఊగుతోంది. మూడు దారాలూ కలిసే ముడిని సీసాకు దగ్గరగా దించండి.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుసుకోవాలి

చిత్రం చుట్టూ పెన్సిలుతో దీర్ఘచతురస్రం గీసి, బయటి గీత ఒక్కో భుజాన్ని ఎన్నిచోట్ల తాకుతుందో లెక్కపెట్టండి. 8 అంకె పొడవు భుజాన్ని రెండుచోట్ల, పొట్టి భుజాన్ని ఒకచోట తాకుతుంది, అంటే 2:1. అల్లిక ఒక భుజాన్ని మూడుచోట్ల, దాని పక్క భుజాన్ని రెండుచోట్ల తాకితే 3:2. ఇలా చిత్రం నుంచి చదివిన నిష్పత్తి, స్టాప్‌వాచ్‌తో కొలిచిన నిష్పత్తి, పొడవుల వర్గమూలాల నుంచి లెక్కకట్టిన నిష్పత్తి మూడూ ఒకే పట్టికలో పక్కపక్కన రాయండి. తేడా ఉంటే దాచకండి, దాని కారణాన్ని రాయండి. న్యాయనిర్ణేతలు ఈ పట్టిక దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

నోటు పుస్తకంలో ప్రతి ప్రయత్నానికీ తేదీ, రెండు పొడవులు, మూత రంధ్రం, నట్ల బరువు, వదిలిన దిక్కు, చిత్రం ఫొటో, దానిలో నచ్చినదేమిటి, నచ్చనిదేమిటి అన్నవి ఉండాలి. చెడిపోయిన చిత్రాలను పారేయకుండా వరుసగా గోడకు అంటించండి. విల్లు నుంచి 8 వరకు మీరు వచ్చిన దారి చూసేవాళ్ళకు మాటల్లేకుండానే అర్థమవుతుంది.

ప్రదర్శన రోజున చట్రాన్ని కొత్త చోట నిలబెట్టాక కట్లు మళ్ళీ బిగించి, పెన్సిలు మొన పరీక్ష చేసి, రెండు దిక్కుల్లోనూ 20 ఊపులను మరోసారి కొలవండి. దారి ప్రయాణంలో క్లిప్పు అర సెంటీమీటరు జరిగినా సందర్శకుల ముందు వేరే ఆకారం వస్తుంది. జల్లించిన ఇసుకను మూత బిగించిన డబ్బాలో తీసుకెళ్ళండి, మూడు మూతలనూ వెంట ఉంచుకోండి, చీపురు కూడా మరచిపోకండి.